ఫేమ్ అంటే కీర్తేనా? ఫేమస్, పాపులర్, రినౌన్డ్, రెప్యూటెడ్: ఏది ఎక్కడ వాడాలి

కందుకూరు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. క్లుప్తంగా చెప్తాను. "ఫేమ్ అంటే కీర్తి అని చిన్నప్పుడు బట్టీ పట్టాను. మా తాత గురించి రాస్తూ 'హి గాట్ ఎ గ్రేట్ ఫేమ్ ఇన్ అవర్ విలేజ్' అని రాస్తే కోచింగ్‌లో సార్ కొట్టేశారు, ఎందుకో చెప్పలేదు. ఫేమస్, పాపులర్, రినౌన్డ్, రెప్యూటెడ్, నొటోరియస్ అన్నిటికీ నోట్సులో 'పేరున్న' అనే రాసుకున్నాను. వీటిలో ఏది ఎక్కడ వాడాలి? ప్రైవేటు స్కూల్లో టీచర్ పోస్టుకి అప్లికేషన్ కూడా రాయాల్సి ఉంది, టెన్షన్‌గా ఉంది."

నేను కావలిలో డిగ్రీ పిలకాయలకు చాలా ఏళ్లుగా ఇంగ్లిష్ చెప్తున్నాను. ఈ మాట దగ్గర తడబడని బ్యాచ్ నాకు ఇంతవరకూ తగల్లేదు, కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు సూటిగా జవాబు. ఫేమ్ అంటే చాలామందికి, ముఖ్యంగా మనల్ని ఎప్పుడూ చూడని వాళ్లకు కూడా, తెలిసి ఉండటం. అంతే. అందులో మెచ్చుకోలు ఉండొచ్చు, లేకపోవచ్చు. తెలుగులో కీర్తి అన్నామంటే ఆ మాటలోనే గౌరవం ఉంటుంది, ఫేమ్‌లో అది విడిగా చెప్తే తప్ప రాదు. మీ వాక్యంలో తప్పులు రెండు. ఫేమ్‌కి ముందు 'ఎ' పెట్టకూడదు, అది లెక్కపెట్టే నామవాచకం కాదు. రెండోది ఇంకా పెద్దది: మీ తాతకి ఊళ్లో ఉన్నది ఫేమ్ కాదు, మంచి పేరు. ఊళ్లో అందరికీ ఆయన తెలిసిన మనిషే, తెలిసినవాళ్లు గౌరవించారు. దానికి "హి వాజ్ హైలీ రెస్పెక్టెడ్ ఇన్ అవర్ విలేజ్" అనండి, లేదా "హి హ్యాడ్ ఎ గుడ్ నేమ్ ఇన్ ద విలేజ్" అనండి. మీ సార్ కొట్టేయడం న్యాయమే, కారణం కూడా చెప్పి ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఎందుకో చూద్దాం. ఫేమ్ లాటిన్‌లోని 'ఫామా' నుంచి, పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ఫామా అంటే జనం చెప్పుకునే మాట, వదంతి, దాంతోపాటు పరువు కూడా. దాని వెనక ఉన్న క్రియ 'ఫారి', అంటే మాట్లాడటం. రోమన్ కవి వర్జిల్ ఈ ఫామాని ఒంటినిండా కళ్లు, నాలుకలు, చెవులు ఉన్న రాక్షసిగా వర్ణించాడు. అది తిరిగేకొద్దీ బలం పెంచుకుంటుంది, నిజాన్నీ అబద్ధాన్నీ ఒకే తీరున మోసుకెళ్తుంది. అంటే పుట్టుకలోనే ఈ మాటకి మంచీ చెడ్డా అనే పట్టింపు లేదు, నలుగురి నోళ్లలో నానడమే దాని లక్షణం.

తెలుగు వైపు చూస్తే కీర్తి సంగతి వేరు. కీర్తన, సంకీర్తన, కీర్తించడం అన్నీ దాని కుటుంబమే, అంటే పొగడ్త దాని రక్తంలో ఉంది. ఫేమ్‌కి దగ్గరగా వచ్చేది నన్నడిగితే ఖ్యాతి. ఆఖ్యానం, వ్యాఖ్యానం అనే మాటల్లో ఉన్న ధాతువే ఇందులోనూ ఉంది, చెప్పడం, చెప్పుకోబడటం అని దాని అర్థం. అందుకే దానికి ముందు 'అప' చేరిస్తే అపఖ్యాతి అవుతుంది, ఫేమ్‌కి ముందు 'ఇన్' చేరిస్తే ఇన్‌ఫమీ అయినట్టే. కాబట్టి నోట్సులో ఫేమ్ పక్కన కీర్తి కొట్టేసి ఖ్యాతి అని రాసుకోండి, సగం చిక్కులు అక్కడే తీరిపోతాయి.

పాత అర్థంలోని 'పరువు' కూడా ఇంగ్లిష్‌లో పూర్తిగా పోలేదు. డిఫేమ్ అనే క్రియ చూడండి. ఒకణ్ణి డిఫేమ్ చేస్తే వాడి ఖ్యాతి తగ్గదు, ఒక్కోసారి ఆ గొడవతో ఇంకా ఎక్కువమందికి తెలుస్తుంది కూడా. దెబ్బ తినేది పరువు. ఇదివరకు ఐపీసీ 499, 500 సెక్షన్లుగా ఉండి ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356గా మారిన పరువునష్టం నేరానికి ఇంగ్లిష్ పేరు డిఫమేషన్. ఊరూపేరూ ఎవరికీ తెలియని మామూలు మనిషి కూడా ఆ కేసు వేయగలడు, ఎందుకంటే పరువు అందరికీ ఉంటుంది, ఫేమ్ కొందరికే.

అసలు చిక్కు ఫేమ్‌లో లేదు, మన 'పేరు'లో ఉంది. తెలుగులో ఈ ఒక్క మాట ఎన్ని పనులు చేస్తుందో గమనించండి. "ఆయనకి ఊళ్లో మంచి పేరుంది" అంటే నడవడిక బాగుందని. "పేరున్న డాక్టరు" అంటే పనితనం తెలిసినవాడని. "కొడుకు తండ్రి పేరు చెడగొట్టాడు" అంటే పరువు తీశాడని. "పేరుమోసిన దొంగ" అంటే చెడ్డగా అందరికీ తెలిసినవాడని. "వాడికి సినిమాల్లో పేరొచ్చింది" అంటే, ఇదిగో ఇక్కడ మాత్రమే ఫేమ్. మిగతా చోట్ల ఇంగ్లిష్‌కి వేర్వేరు మాటలున్నాయి. మన పిలకాయలు తెలుగులో ఆలోచించి 'పేరు' అనే మాట వచ్చిన ప్రతిచోటా ఫేమ్ దించేస్తారు, తేడా అక్కడ వస్తోంది.

రెప్యుటేషన్ అంటే మనమంటే తెలిసినవాళ్లు మన గురించి ఏమనుకుంటున్నారు అన్నది. దానికి పదిమంది చాలు. ఆఫీసులో, వీధిలో, బడిలో రెప్యుటేషన్ ఉంటుంది. అది మంచిదో చెడ్డదో చెప్పాలి కాబట్టి "ఎ గుడ్ రెప్యుటేషన్", "ఎ బ్యాడ్ రెప్యుటేషన్" అంటారు, ముందు 'ఎ' కూడా వస్తుంది. ఫేమ్‌కి పదిమంది చాలరు, మనకు పరిచయం లేని జనం కావాలి.

మా క్లాసులో ఈ తేడా చెప్పడానికి నేను ఎప్పుడూ టంగుటూరి ప్రకాశం పంతులు గారినే తీసుకుంటాను. 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టారు, రాజమండ్రిలో ప్లీడరుగా చేశారు, తర్వాత బారిస్టరు చదివి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. ఆ రోజుల్లో కోర్టుల్లో, కక్షిదారుల మధ్య ఆయనకున్నది రెప్యుటేషన్. ఆయన సంగతి తెలియాల్సినవాళ్లకి తెలుసు, వాళ్లు గట్టి లాయరని ఒప్పుకున్నారు. 1928లో సైమన్ కమిషన్ మద్రాసు వచ్చినప్పుడు తుపాకీ ఎదుట గుండె చూపించి నిలబడ్డారు, అప్పుడు కోర్టు మెట్లెక్కని జనం కూడా ఆయన పేరు చెప్పుకోవడం మొదలుపెట్టారు, ఆంధ్రకేసరి అన్నారు. అది ఫేమ్. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు, ఆయన పోయాక 1972లో ఒంగోలు జిల్లాకి ఆయన పేరే పెట్టారు. ఇంగ్లిష్‌లో రాస్తే మొదటి దశకి "హి ఎర్న్‌డ్ ఎ రెప్యుటేషన్ యాజ్ ఎ లాయర్", రెండో దశకి "హి రోజ్ టు ఫేమ్ ఇన్ 1928". ఈ రెండు వాక్యాలనూ తారుమారు చేసి చదవండి, అతకవు.

అదే కథలో ఫేమస్‌కీ పాపులర్‌కీ తేడా కూడా దొరుకుతుంది. ఆ కమిషన్‌కి పెద్ద సర్ జాన్ సైమన్. ఆ ఏడాది మన దేశంలో ఆయన పేరు తెలియని పట్నం లేదు, గోడల మీద, జెండాల మీద, జనం నోట "సైమన్ గో బ్యాక్" అన్న మాటే. అంటే ఫేమస్. కానీ పాపులర్ కాదు, ఎందుకంటే పాపులర్ అంటే జనానికి నచ్చినవాడు. ఆ మాట లాటిన్‌లో జనం అనే అర్థమున్న 'పాపులుస్' నుంచి వచ్చింది. పాపులర్ కావడానికి దేశమంతా తెలియనక్కర్లేదు. నలభైమంది ఉన్న క్లాసులో పిల్లలకి ఇష్టమైన టీచరు "ఎ పాపులర్ టీచర్". ఆవిడని "ఫేమస్ టీచర్" అంటే వినేవాళ్లు టీవీలోనో యూట్యూబ్‌లోనో వస్తారేమో అనుకుంటారు. చాలామందికి తెలిసి, చాలామందికి నచ్చితే రెండూ వాడొచ్చు, కానీ రెండిటికీ అర్థం ఒకటే అనుకుని పక్కపక్కన పెట్టొద్దు.

ఇక వ్యాకరణం. ఇందులో పెద్ద లోతు లేదు, అలవాటు కావాలంతే.

ఫేమ్‌కి బహువచనం లేదు. 'ఫేమ్స్' అని రాయకూడదు, 'ఎ ఫేమ్' అని రాయకూడదు. 'గ్రేట్ ఫేమ్', 'వరల్డ్‌వైడ్ ఫేమ్', 'ఇన్‌స్టంట్ ఫేమ్' బాగానే ఉంటాయి. దాంతో కలిసే క్రియలు కొన్ని ఉన్నాయి: విన్, గెయిన్, అచీవ్, ఫైండ్. 'రైజ్ టు ఫేమ్' అంటే క్రమంగా పైకి రావడం, 'షూట్ టు ఫేమ్' అంటే ఉన్నట్టుండి పేరు మోగిపోవడం. 'గాట్ ఫేమ్' వ్యాకరణపరంగా తప్పు కాదు, కానీ రాతలో పేలవంగా ఉంటుంది, గెయిన్ వాడండి. 'నేమ్ అండ్ ఫేమ్' అని మనవాళ్లు తెగ రాస్తారు, మన పేరుప్రతిష్ఠలకి అది సరిగ్గా సరిపోయింది మరి. మన దేశంలో అందరికీ అర్థమవుతుంది, బయట దేశాల వాళ్లకి రాసేటప్పుడు మాత్రం 'ఫేమ్' ఒక్కటి చాలు, లేదా 'ఫేమ్ అండ్ ఫార్చ్యూన్' అనండి, పేరూ డబ్బూ రెండూ వచ్చిన సందర్భమైతే.

ఫేమస్ తర్వాత ఏం రావాలన్నదే ఎక్కువమంది తప్పు చేసే చోటు. దేనివల్ల పేరు వచ్చిందో దానికి 'ఫర్', ఏ హోదాలో పేరు వచ్చిందో దానికి 'యాజ్', ఎక్కడ పేరుందో ఆ చోటికి 'ఇన్'. "మార్కాపూర్ ఈజ్ ఫేమస్ ఫర్ స్లేట్స్." "వెంకటగిరి ఈజ్ ఫేమస్ ఫర్ ఇట్స్ హ్యాండ్లూమ్ శారీస్." తెలుగులో "పలకలకు ఫేమస్", "చీరలకు ఫేమస్" అంటాం కదా, ఆ 'కు' చూసి 'ఫేమస్ టు' అని రాసేస్తారు, అది తప్పు. అలాగే "వాడు క్రికెట్‌లో ఫేమస్" అని 'ఇన్ క్రికెట్' రాస్తారు, "ఫేమస్ ఫర్ హిస్ బ్యాటింగ్" అని ఏం చేసి పేరు తెచ్చుకున్నాడో చెప్తే వాక్యం నిలబడుతుంది. బిరుదులు, మారుపేర్లు వచ్చినప్పుడు 'ఫేమస్ యాజ్' కంటే 'బెటర్ నోన్ యాజ్' బాగుంటుంది.

ఇంకొకటి, మన తెలుగులో ఫేమస్ అనే మాట ఇంగ్లిష్‌లో లేని పని ఒకటి నేర్చుకుంది. నెల్లూరులో హోటల్‌కి వెళ్తే "ఇక్కడేంది ఫేమస్?" అని అడుగుతాం, సర్వరు చేపల పులుసు అంటాడు. అడిగింది అక్కడ ఏది బాగుంటుందని. ఇదే ప్రశ్న ఇంగ్లిష్‌లో అడగాలంటే స్పెషాలిటీ అని అడగాలి, లేదా "వాట్ డు యు రికమెండ్?" అనాలి. తెలుగులో ఫేమస్ వాడకం తెలుగుది, అందులో తప్పేం లేదు, ఆ అర్థాన్ని ఇంగ్లిష్ వాక్యంలోకి మోసుకెళ్తేనే ఇబ్బంది.

'క్లెయిమ్ టు ఫేమ్' అనే ప్రయోగం నాకు చాలా ఇష్టం. ఒక ఊరినో మనిషినో లోకం ఏ ఒక్క సంగతితో గుర్తుపడుతుందో దాన్ని అలా అంటారు. మనవైపు దీనికి ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు, ఒంగోలు గిత్త ఉంది. పంతొమ్మిదో శతాబ్దం నుంచి మన తెల్ల పశువులు ఓడల్లో బ్రెజిల్ చేరాయి, అక్కడ ఆ సంతతిని నెలోరే అని పిలుస్తారు, రాసేది నెల్లూరు స్పెల్లింగులో ఒక ఎల్ తీసేసి. ఒంగోలు పశువుకి నెల్లూరు పేరెందుకు అంటారా, ఒంగోలు తాలూకా అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేది, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డాక అందులోకి వెళ్లింది. ఇవాళ బ్రెజిల్ మాంసం పరిశ్రమకి ఈ జాతే వెన్నెముక, అక్కడి వియాటినా-19 అనే నెలోరే ఆవు ప్రపంచంలోకెల్లా ఖరీదైన ఆవుగా గిన్నిస్ రికార్డుకెక్కింది. ఎత్తైన మూపురం, వేలాడే గంగడోలు, తెల్లటి ఒళ్లు, కళ్ల చుట్టూ కాటుక దిద్దినట్టు నలుపు, ఫోటో చూస్తే మన సంతలో నిలబడ్డట్టే ఉంటుంది. ఇప్పుడు వాక్యం రాద్దాం: "ఒంగోల్స్ బిగ్గెస్ట్ క్లెయిమ్ టు ఫేమ్ ఈజ్ ఇట్స్ క్యాటిల్." క్లెయిమ్ అన్నాం కదా అని దావా వేయడమనే అర్థం తీసుకోవద్దు, ఫలానాది మా సొంతమని చెప్పుకునే హక్కు అని తీసుకోండి.

ఇలాంటిదే 'ఆఫ్ ... ఫేమ్'. మన పేపర్లలో "ఫలానా సీరియల్ ఫేమ్ నటి ముఖ్య అతిథిగా వచ్చారు" అని చూస్తూ ఉంటారు. తెలుగులో 'ఫేమ్' నేరుగా సీరియల్ పేరు వెనక అతుక్కుంటుంది. ఇంగ్లిష్‌లో మనిషి పేరు ముందు వచ్చి, తర్వాత 'ఆఫ్', తర్వాత సీరియల్ పేరు, చివర 'ఫేమ్' రావాలి. తెలుగు వరసలోనే ఇంగ్లిష్‌లో పెడితే తప్పు. ఈ ప్రయోగం వార్తలకి సరిపోతుంది, అప్లికేషన్లలో పనికిరాదు. 'హాల్ ఆఫ్ ఫేమ్' మీకు క్రికెట్ వార్తల్లో తెలిసే ఉంటుంది, ఐసీసీ 2009లో మొదలుపెట్టినప్పుడే మన బేడీ, గవాస్కర్, కపిల్ దేవ్‌లు అందులో ఉన్నారు. అక్కడ ఫేమ్ అంటే గౌరవంతో కూడిన ఖ్యాతి, ఆ గౌరవం మిగతా సందర్భం నుంచి వస్తోంది.

ఇప్పుడు మీ లిస్టులో మిగిలిన మాటలు.

రినౌన్డ్: ఫేమస్ కంటే ఒక మెట్టు గౌరవం ఎక్కువ, పనితనానికో ప్రతిభకో వచ్చిన పేరు. పండితులు, సర్జన్లు, సంస్థలు, గాయకులు. ఇందులో రెండు తప్పులు తరచూ చూస్తాను. 'కె' ఎక్కడా లేదు, 'నోన్' అనే మాట గుర్తొచ్చి మధ్యలో 'కె' ఇరికిస్తారు. విశేషణానికి చివర 'ఇడి' ఉండి తీరాలి: "ఎ రినౌన్డ్ సింగర్". 'ఇడి' లేని 'రినౌన్' నామవాచకం, "ఎ సింగర్ ఆఫ్ గ్రేట్ రినౌన్" అనాలి. పలకడం రినౌన్డ్ అనే, రినోన్డ్ కాదు.

ఎమినెంట్: ఒక రంగంలో పెద్దవాళ్లు అని ఆ రంగం వాళ్లే ఒప్పుకున్న మనుషులకి. వస్తువులకీ ఊళ్లకీ వాడరు. ఇమినెంట్ అంటే ముంచుకొస్తున్న అని, ఆ రెండూ కలిపేయకండి, పరీక్షల వాళ్లు కావాలనే పక్కపక్కన ఇస్తారు.

రెప్యూటెడ్: దీని దగ్గర జాగ్రత్త. మన దేశంలో "రెప్యూటెడ్ కంపెనీ", "రెప్యూటెడ్ కాలేజ్" అంటే మంచి పేరున్నది అనే అర్థం, ప్రతి ఉద్యోగ ప్రకటనలోనూ ఉంటుంది. కానీ ఇంగ్లండు, అమెరికా వాడకంలో రెప్యూటెడ్ అంటే ఎక్కువగా 'అలా అనుకుంటున్నారు, రుజువు లేదు' అని. "ద రెప్యూటెడ్ ఓనర్" అంటే ఓనరని జనం అనుకుంటున్న మనిషి. విదేశీ వర్సిటీకి రాసేటప్పుడు, ఐఈఎల్‌టీఎస్‌లో రాసేటప్పుడు రెప్యూటబుల్ వాడండి, నమ్మదగినది, మంచి పేరున్నది అని.

నొటోరియస్: చెడ్డగా అందరికీ తెలిసిన, మన పేరుమోసిన. ఇన్‌ఫమస్ కూడా దాదాపు అదే, ఇంకొంచెం అసహ్యం కలిసింది. ఈ ఇన్‌ఫమస్ వల్ల నష్టపోయిన పిల్లలు నాకు తెలుసు. ఒకమ్మాయి, చదువులో చురుకైన పిల్ల, హైదరాబాదులో ఒక సంస్థకి పీజీ సీటు కోసం లెటర్ రాసి పంపే ముందు నాకు చూపించింది. "మీ ఇన్‌ఫమస్ ఇన్‌స్టిట్యూట్‌లో చదవాలని నా కోరిక" అని ఉంది. ఎందుకు రాశావమ్మా అంటే, ఇన్‌వాల్యుబుల్ అంటే వెలకట్టలేనంత విలువైనది కదా సార్, అలాగే ఇన్‌ఫమస్ అంటే మరీ ఫేమస్ అనుకున్నాను అంది. ఆ పిల్ల ఆలోచనలో తర్కం ఉంది, మాట మాత్రం ఆ దారిన నడవలేదు. ఇక్కడ 'ఇన్' ఖ్యాతిని అపఖ్యాతిగా తిప్పేస్తుంది. ఫేమస్ కాని అనే అర్థం కూడా దానికి రాదు, దానికి అన్‌నోన్ లేదా అబ్‌స్క్యూర్ వాడాలి. పలుకుబడి కూడా మారుతుంది: ఇన్‌ఫేమస్ కాదు, ఇన్‌ఫమస్, ఊనిక మొదటి అక్షరం మీద.

ఫేమస్లీ: దీనికి రెండు వాడకాలు. అందరికీ తెలిసినట్టుగానే అనేది ఒకటి. "దే గెట్ ఆన్ ఫేమస్లీ" అంటే ఇద్దరికీ బాగా పొసుగుతుంది అనేది రెండోది, అందులో పేరుతో సంబంధమే లేదు.

ఇప్పుడు వ్యాపారాల రాతల గురించి ఒక మాట, మీ అప్లికేషన్‌కి కూడా పనికొస్తుంది కాబట్టి. ఉదయగిరి చెక్క స్పూన్లు మీకు తెలిసే ఉంటాయి, వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తెలిసినవాళ్లు ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెడుతూ కార్డు మీద ఇంగ్లిష్ సరిచూడమన్నారు. "వరల్డ్ ఫేమస్ అండ్ మోస్ట్ పాపులర్ స్పూన్స్" అని ఉంది. స్పూను చేతిలోకి తీసుకుని చూశాను, కాడ చివర సన్నటి జాలీ చెక్కడం, ఎక్కడా అతుకు లేదు, ఒకే చెక్క నుంచి తీసింది. అంత పనిని చేతిలో పెట్టుకుని కార్డు మీద 'వరల్డ్ ఫేమస్' అని రాయడం నాకు బాధనిపించింది, చదివేవాడు ఎక్కడో ముంబైలో ఉంటాడు, వాడికి తెలియని వస్తువుని ప్రపంచ ప్రసిద్ధం అంటే నమ్మడు. నేను రాసిచ్చింది ఇది: "కార్వ్‌డ్ బై హ్యాండ్ ఫ్రమ్ ఎ సింగిల్ పీస్ ఆఫ్ వుడ్ ఇన్ ఉదయగిరి, ఎ టౌన్ నోన్ ఫర్ ఇట్స్ వుడెన్ కట్లరీ." 'నోన్ ఫర్' ఫేమస్ కంటే మెత్తగా ఉంటుంది, అందుకే చదివేవాడు త్వరగా నమ్ముతాడు. చీమకుర్తి గ్రానైట్ వ్యాపారులు కూడా ఇదే పాటించాలని నా అభిప్రాయం. బ్లాక్ గెలాక్సీ రాయి అంటే విదేశాల్లో బిల్డర్లకి ఎటూ తెలుసు, వాళ్లకి ఫేమస్ అని చెప్పే చోట నల్లటి రాయిలో మెరిసే బంగారు చుక్కల గురించి ఒక వాక్యం ఎక్కువ రాసుకోవచ్చు.

మీ స్కూల్ అప్లికేషన్‌కి ఇదే వర్తిస్తుంది. "యువర్ ఫేమస్ స్కూల్" అని మొదలుపెట్టకండి. ఆ మాట కరస్పాండెంటు ప్రతి అప్లికేషన్‌లోనూ చదివి ఉంటారు, వందమంది అదే రాస్తారు. ఆ బడి దేనికి మంచి పేరు తెచ్చుకుందో వెళ్లి కనుక్కోండి, పదో తరగతి ఫలితాలా, ఆటలా, చిన్నపిల్లల్ని చూసుకునే తీరా, అది తెలుసుకుని "యువర్ స్కూల్ ఈజ్ వెల్ నోన్ ఫర్..." అని ఆ సంగతి రాయండి. ఇక్కడ 'వెల్ నోన్' క్రియ తర్వాత వచ్చింది కాబట్టి మధ్యలో గీత అక్కర్లేదు, "ఎ వెల్-నోన్ స్కూల్" అని నామవాచకానికి ముందు పెడితే గీత ఉండాలి. మీకు ఇంతకుముందు ట్యూషన్ చెప్పిన అనుభవం ఉంటే, పిల్లలకి మీరంటే ఇష్టమైతే, "ఐ వాజ్ పాపులర్ విత్ మై స్టూడెంట్స్" అని రాసుకోవచ్చు. 'పాపులర్ విత్' గమనించండి, ఎవరికి నచ్చారో వాళ్ల ముందు 'విత్' వస్తుంది.

పోటీ పరీక్షలు రాసేవాళ్ల కోసం రెండు ముక్కలు. ఫేమ్‌కి వ్యతిరేక పదం అడిగితే మొదట అబ్‌స్క్యూరిటీ వెతకండి, ఎవరికీ తెలియకుండా ఉండటం అని. అది ఆప్షన్లలో లేకపోతే అప్పుడు ఇన్‌ఫమీ పెట్టండి. రెండోది, మాటల మూలాల పేరుతో తిరిగే నోట్సుల్లో ఫామిన్, ఫ్యామిలీలను కూడా ఫేమ్ పక్కన వేస్తున్నారు, అది తప్పు. ఫామిన్ లాటిన్‌లో ఆకలి అనే మాట నుంచి వచ్చింది, ఫ్యామిలీ ఇంటి సేవకుడు అనే మాట నుంచి. ఫేమ్‌కి నిజమైన చుట్టాలు ఫేబుల్, ఫేట్, ప్రిఫేస్, ఇన్‌ఫెంట్, అన్నీ ఆ మాట్లాడటం అనే 'ఫారి' నుంచే. ఫేట్ అంటే దేవుడి నోట వచ్చేసిన మాట, ఇన్‌ఫెంట్ అంటే ఇంకా మాటలు రాని బిడ్డ. ఇలా గుర్తుపెట్టుకుంటే మర్చిపోరు.

ఈ రోజుల్లో పిలకాయలు రీల్స్ గురించి అడుగుతారు కాబట్టి అది కూడా రాస్తాను. ఒక వీడియో లక్షలమంది చూశారనుకోండి, ఆ వీడియో "వెంట్ వైరల్". అందులో ఉన్న మనిషి పేరు కూడా జనం గుర్తుపెట్టుకుంటే "షి ఫౌండ్ ఫేమ్ ఓవర్‌నైట్" అనొచ్చు. మనిషి పేరు ఎవరికీ గుర్తులేక వీడియో మాత్రం తిరుగుతుంటే అది ఆ వీడియోకి వచ్చిన పేరే, మనిషికి ఫేమస్ అనే మాట వాడకపోవడం మంచిది. కొన్నాళ్లకి చల్లారిపోతే "హర్ ఫేమ్ వాజ్ షార్ట్-లివ్డ్".

డిక్షనరీ ఏది కొనాలని కూడా చివర్లో అడిగారు. కొనదలిస్తే నేర్చుకునేవాళ్ల కోసం వేసిన ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ తీసుకోండి, పాత ఎడిషన్ అయినా ఫర్వాలేదు, సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతుంది. అందులో నామవాచకం పక్కన బ్రాకెట్లో పెద్ద 'యు' కనిపిస్తే దానికి 'ఎ' పెట్టకూడదని అర్థం, ఫేమ్ పక్కన అదే ఉంటుంది, రెప్యుటేషన్ పక్కన 'సి' కూడా ఉంటుంది. అర్థం చదివి వదిలేయకండి, కింద ఉన్న ఉదాహరణ వాక్యాల్లో ఆ మాటకి ముందు ఏ క్రియ, వెనక ఏ ప్రిపోజిషన్ ఉన్నాయో పెన్సిల్‌తో గీత గీసుకోండి. తర్వాత మీ కందుకూరు మీద, మీ తాత మీద సొంతంగా నాలుగైదు వాక్యాలు రాసి ఇక్కడే పెట్టండి, దిద్దిపెడతాను.